నాన్నగారి కెమేరాకు మరో కన్ను

"అన్ని పనులకూ పనికొచ్చే లెన్సు ఒకటి కొనాలండీ" అన్నాను మావారితో. 2023 దసరా సెలవుల్లో మాట ఇది.

ఆయన పేపరులోంచి తలెత్తకుండానే, "అన్ని పనులకూ పనికొచ్చే మనిషినే చూడలేదు ఇంతవరకూ. లెన్సు దొరుకుతుందా?" అన్నారు.

మా పనిమనిషి రాక అప్పటికి మూడు రోజులైంది. ఆ పూట అంట్లగిన్నెలు ఆయనే తోమారు. అంచేత ఆ మాట ఎవరిని వుద్దేశించి అన్నదో నేను తరిచి అడగలేదు. కాని ఆ తరువాత రెండు నెలలపాటు లెన్సుల వెంట తిరిగి నేను తెలుసుకున్నదేమిటయ్యా అంటే, విసుగుతో అన్నా ఆయన అన్నది అక్షరాలా నిజమే.

తెలుగు పాఠాలు చెప్పుకునేదానికి ఈ లెన్సుల గొడవ ఎందుకు తగులుకుందో ముందు చెప్పాలి కదా!

అమలాపురానికి దగ్గరలో ఒక పల్లె మా పుట్టిల్లు. నాన్నగారు హైస్కూల్లో డ్రాయింగు మేష్టారుగా చేశారు. 2011లో ఆయన పోయాక అమ్మ ఒక్కతే ఆ ఇంట్లో వుంటూ వచ్చింది. మోకాళ్ల నొప్పులూ, కురుస్తున్న పెరటి పంచా, కాయ దింపే మనిషి దొరక్క పడే అవస్థా అన్నీ కలిసి, ఇల్లు అమ్మెయ్యక తప్పలేదు. కొన్నవారు మర్యాదస్థులు. "ఆఖరి సంక్రాంతి మీ ఇంట్లో మీరు చేసుకోండి, తరువాతే తాళాలు ఇద్దురుగాని" అన్నారు. అమెరికాలో వున్న మా తమ్ముడు పెళ్లాం పిల్లలతో వస్తానన్నాడు. అమ్మ నన్ను ఒక్కటే కోరింది.

"ఇల్లంతా ఫోటోలు తియ్యవే అమ్మాయ్! ఫోనుతో కాదు, మీ నాన్నగారి కెమేరాతో తియ్యి."

ఫోను మీద అమ్మకు ఒక పాత కక్ష వుంది. మా తమ్ముడి ఫోను ఒకసారి కాలవలో పడిపోయి, మనవడి అన్నప్రాసన ఫోటోలన్నీ గంగపాలయ్యాయి. అప్పటినుంచీ ఆవిడ దృష్టిలో ఫోటో అంటే ఆల్బంలో అంటించినదే.

నాన్నగారి కెమేరా నికాన్ ఎఫ్.ఎం.2. 1982లో వచ్చిన రకం. మా నాన్నగారు 1989లో మద్రాసు వెళ్లి సెకండుహ్యాండుగా కొనుక్కొచ్చారు. చేతిలోకి తీసుకుంటే ఇనప గుండులా బరువు. బ్యాటరీ వెలుతురు కొలవడానికి మాత్రమే కావాలి. అది అయిపోయినా షట్టరు మానదు. పన్నెండేళ్లు అలమరలో పడివుండి కూడా మీట నొక్కగానే టక్కుమంది చూడండి, నాకు ఒళ్లు జలదరించింది. దానికి వున్నది ఒకే ఒక లెన్సు, 50 మిల్లీమీటర్లది. నాన్నగారు ఇరవై రెండేళ్లూ ఆ ఒక్కదానితోనే వెళ్లదీశారు.

అయితే మరి వున్నదానితో తియ్యకూడదా అంటారేమో! నేనూ అలాగే అనుకున్నాను, నోటుపుస్తకాలు తెరిచేదాకా.

నాన్నగారికి ఒక అలవాటుండేది. తీసిన ప్రతి ఫోటోకూ రోలు నంబరు, ఫోటో నంబరు, ఎన్ని అడుగుల దూరం, ఎంత వెలుతురు, ఎవరి ఫోటో అన్నీ వరసగా రాసి, చివర ఒకటి రెండు మాటలు తన అభిప్రాయం చేర్చేవారు. అలా 64 రోళ్లు. రెండువేల ఫోటోల పైచిలుకు. ఆ పుస్తకాలు రెండింటినీ రాజమండ్రి తెచ్చుకుని రెండు రాత్రుళ్లు కూర్చుని చదివాను. ఏ ప్రబంధమూ నన్ను అంతలా కూర్చోబెట్టలేదు.

"వెనక గోడ. ఇంక జరగలేను." "పిన్నిగారూ బాబయ్యగారూ కోసుకుపోయారు, చోటు లేదు." "దూరమైంది. మొహం చిన్నదైపోయింది." "దగ్గరకు వెళ్లేసరికి నవ్వు మానేసింది." ఈ చివరిది అమ్మను గురించి. అమ్మను గురించే మరోచోట, "చేతులు తియ్యాలి. దగ్గరకు వెళితే కొంగు కింద దాచుకుంటుంది" అని వుంది.

నేను పెన్సిలు తీసుకుని అడ్డగీతలు గీస్తూ లెక్క వేశాను. చోటు చాలలేదన్న ఫిర్యాదులు 38. దూరమైందన్నవి 112. ఆ 112లో ముప్పావువంతు పదిహేను నుంచి పాతిక అడుగుల మధ్య తీసినవి. కొండలూ కాదు, కొంగలూ కాదు. అవన్నీ మా ఇంటి మనుషులే. పెరట్లోనో, వాకిట్లోనో, ఎదురు అరుగుమీదో వున్నవాళ్లే.

సరే, ఇందుకు విరుగుడు ఏమిటని మా కాలేజీ ఫిజిక్సు మేష్టారిని అడిగాను. ఆయన నా బోటివాళ్లకు కూడా అర్థమయ్యేలా ఒక చిన్న లెక్క చెప్పారు. పాఠకులకు ఎప్పుడైనా పనికి రావచ్చు, రాసి వుంచుకోండి.

"చూడండమ్మా, 35 ఎం.ఎం. ఫిలిము మీద బొమ్మ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు వుంటుంది. 36ను లెన్సు మీద రాసివున్న అంకెతో భాగించండి. మీకూ మనిషికీ మధ్య దూరంతో గుణించండి. ఎదుట ఎన్ని అడుగుల మేర ఫోటోలో పడుతుందో తేలిపోతుంది."

మా ఇంటి హాలులో గోడకు వీపు ఆనించి నిలబడితే ఎదటివాళ్లు పది అడుగుల దూరంలో వుంటారు. 50 లెన్సుతో ఏడడుగుల మేర పడుతుంది. అంటే అయిదుగురు, సర్దుకుంటే ఆరుగురు. పిన్నిగారూ బాబయ్యగారూ కోసుకుపోయినది ఇందుకే! అదే 35 అయితే పది అడుగులు దాటుతుంది. 28 అయితే ఇంచుమించు పదమూడు. ఇక అమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని, నేను ఇరవై అడుగుల అవతల వాకిట్లో నిలబడ్డాననుకోండి. 50తో పద్నాలుగు అడుగుల మేర పడి, అందులో అమ్మ ఒక మూలకు అవుతుంది. 105తో ఏడడుగులే. కెమేరాను నిలువుగా తిప్పితే గుమ్మమూ అమ్మా సరిగ్గా సరిపోతారు.

నాన్నగారి 150 ఫిర్యాదుల్లోనూ నూటికి పైగా 35కూ 105కూ మధ్య తీరిపోతాయని ఆ రాత్రి తేలింది.

ఒక్కో అంకెకూ ఒక్కో లెన్సు కొనుక్కుని సంచీ మోసుకు తిరగడం ఒక పద్ధతి. పిండివంటల మధ్య, పిల్లల మధ్య, ఎత్తుగడపల ఇంట్లో, లెన్సులు విప్పుతూ బిగిస్తూ కూర్చుంటే పండుగ కాస్తా గడిచిపోతుంది. అందుకే ఒకే లెన్సులో అంకె మార్చుకునే జూమ్ లెన్సు.

జూమ్ లెన్సు మాట ఎత్తితే నాన్నగారు పెదవి విరిచేవారని నాకు జ్ఞాపకం. "కాళ్లున్నవాడికి జూమ్ ఎందుకు? నాలుగడుగులు ముందుకు వెయ్యి!" అనేవారు. ఆ తరం వాళ్లకు అలా అనిపించడంలో న్యాయం లేకపోలేదు. 35 ఎం.ఎం. కెమేరాకు మొదటి జూమ్ లెన్సు 1959లో వచ్చింది. ఫ్రాంక్ బాక్ అనే ఆయన రూపొందించిన జూమార్. ఫోక్ట్‌లాండర్ కంపెనీ అమ్మింది. 36 నుంచి 82 దాకా పోయేది. 1963లో నికాన్ వాళ్లు 43–86 తెచ్చారు. అది విరివిగా అమ్ముడుపోయింది, విరివిగా తిట్లూ తిన్నది. తిన్నటి గోడల్ని వంచి చూపించేదని. అద్దాలు ముందుకూ వెనక్కూ జరుగుతూ వుండాలి, జరిగిన ప్రతిచోటా బొమ్మ సూటిగా పడాలి. ఆ లెక్కలకు కంప్యూటర్లు వచ్చి, అద్దాలకు పూసే పూతలు మెరుగుపడ్డాక, 1980 తరువాత వచ్చిన జూములు ఆ చెడ్డపేరు చాలామటుకు తుడిచేసుకున్నాయి. పాతపేరు మాత్రం ఒక తరంపాటు వెంటాడింది. మనుషుల విషయంలోనూ అంతేగా!

మా తమ్ముడికి ఫోనులో చెబితే, వాడు అక్కడినుంచే హుకుం జారీ చేశాడు.

"అక్కా! 28–200 తీసుకో. ఇక దేనికీ తడుముకోనక్కర్లేదు. ప్రభల తీర్థంలో ప్రభ పైన శిఖరం కూడా దగ్గరగా వచ్చేస్తుంది."

ఎవరైనా మొదట పడే గోతి ఇదే. ఎంత దూరం అందుకుంటే అంత మంచి లెన్సనుకుంటాం. నేనూ పడేదాన్నే. తమ్ముడు పంపిన బొమ్మ చూసి ఫిజిక్సు మేష్టారు ఆపారు. అందులో వున్నది నికాన్ వాళ్ల 'జి' రకం. దానికి వెలుతురు ద్వారాన్ని తిప్పే రింగు, అదే ఎపర్చర్ రింగు, వుండదు. కొత్త కెమేరాలైతే లోపలినుంచి అవే తిప్పుకుంటాయి. నాన్నగారి కెమేరాకు తగిలిస్తే ఆ ద్వారం పూర్తిగా ముడుచుకుపోయి కూర్చుంటుంది. మూతి ఒకటే, మాట వేరు. అలాగే 1977కు ముందు చేసిన పాత నికాన్ లెన్సుల్ని, వెనక రింగు చెక్కించకుండా, ఎఫ్.ఎం.2కి బిగించకూడదు. బలవంతం చేస్తే కెమేరాకే ముప్పు. అంటే అటు మరీ పాతవీ పనికిరావు, ఇటు మరీ కొత్తవీ పనికిరావు. పెళ్లిసంబంధాలు చూసినట్టే వుంది వ్యవహారం.

రింగు వున్న 28–200లు లేకపోలేదు. కాని దూరం పెరిగినకొద్దీ వాటి ద్వారం చిన్నదవుతుంది. ఎఫ్/5.6కు దిగుతుంది. నాన్నగారి 50 లెన్సు ఎఫ్/1.8. ఆ రెండింటికీ తేడా ఎంతో తెలుసా? ఆ లెన్సులో వచ్చే వెలుతురులో ఇంచుమించు పదోవంతే ఇందులో దిగుతుంది. ఫోటో సంగతి అలా వుంచండి, అసలు చూడడమే కష్టం. ఈ కెమేరాలో కన్ను పెట్టి చూస్తే మధ్యన చిన్న వృత్తం రెండు సగాలుగా కనిపిస్తుంది. పైసగమూ కిందిసగమూ అతికితే ఫోకస్ కుదిరినట్టు. ఎఫ్/5.6 దగ్గరకొచ్చేసరికి అందులో ఒక సగం నల్లబడిపోతుంది. నాకు నలభై దాటాయి, చత్వారం వచ్చింది. ఆ వృత్తమే లేకపోతే నేను తీసే ఫోటోలు దేవుడికే అర్పణం.

పైగా 200 దగ్గర చెయ్యి వణకకుండా వుండాలంటే షట్టరు సెకనులో 250వ వంతైనా వుండాలి. లెన్సు అంకె ఎంతో, సెకనులో అన్నో వంతుకన్నా నెమ్మదిగా తియ్యకూడదన్నది పాతకాలపు సూత్రం. సంక్రాంతి పొద్దుట మంచులో, చూరు కింద నీడలో, అంత వెలుతురు ఎక్కడినుంచి తెస్తాం? ఇంతకూ నాన్నగారు ఇరవై రెండేళ్లలో ప్రభల తీర్థంలో తీసిన ఫోటోలు తొమ్మిదంటే తొమ్మిది. ఆ తొమ్మిదింటికోసం మిగతా రెండువేలూ చీకటి చేసుకోవడమా?

ఇక మిగిలినవి మూడు. 35–70 తేలిక, చవక. కాని 70తో అమ్మ దాకా అందుకోలేను. తరువాతి కాలపు 28–105 ఎఫ్/3.5–4.5, 'డి' రకం. రింగు వుంది, అద్దాలు మంచివి, చిన్నవస్తువుల్ని సగం పరిమాణం దాకా దగ్గరగా తీస్తుంది. నిజానికి చాలామందికి నేను దాన్నే తీసుకోమని చెబుతాను. కాని అది తనంతట తాను ఫోకస్ చేసుకునే కెమేరాలకోసం చేసింది. చేత్తో తిప్పితే రింగు మరీ సులువుగా జారుతుంది. ఆగవలసిన చోట ఆగదు. మూడవది 1983 నాటి 35–105, ఎఫ్/3.5 నుంచి 4.5. చేత్తో తిప్పడానికే పుట్టినది. నాన్నగారి 52 మిల్లీమీటర్ల ఫిల్టర్లు దానికి సరిపోతాయి. మొదటి పుస్తకం చివరి అట్టమీద ఆయన రాసుకున్నదీ అదే.

ఆ మాట చెప్పనే లేదు కదూ! అట్ట లోపల మూలగా, "35–105" అని రాసి, కింద ఒక ధర వేసి, దానికింద అక్టోబరు 1996 అని వుంది. కొన్న జాడ మాత్రం ఎక్కడా లేదు. కాళ్లున్నవాడికి జూమ్ ఎందుకన్న మనిషి ధర ఎందుకు కనుక్కున్నట్టు? అమ్మకు ఫోను చేశాను.

"అవునే. సంక్రాంతికి కొందామనుకున్నారు. డబ్బు కూడా కూడబెట్టారు. అంతలో తుపాను వచ్చింది" అంది.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుపానును ఆ ప్రాంతంవాళ్లు ఎవరూ మరిచిపోలేరు. వెయ్యిమందికి పైగా మనుషులు పోయారు. కొబ్బరిచెట్లు లెక్కకు అందకుండా కూలిపోయాయి. మా చెట్లు ముప్పైలో నాలుగు మిగిలాయి. ఇంటిమీద పెంకు ఒక్కటి లేదు. లెన్సు డబ్బు పెంకులకు పోయింది. కొత్తగా వేసిన కొబ్బరిమొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ తరువాత నాన్నగారు ఆ వూసెత్తలేదు. కాళ్ల సంగతి చెప్పడం మొదలుపెట్టింది ఆ తరువాతేనేమో! నాకు అప్పటికి పదహారేళ్లు. జూమ్ అంటే ఆయనకు గిట్టదనే ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను.

ఇలా నిశ్చయమైతే అయింది గాని, దొరకడం అంత సులువు కాలేదు. ఈ లెన్సులు చెయ్యడం మానేసి చాలాకాలమైంది, పాతవి కొనుక్కోవలసిందే. మొదట బొమ్మ చూసి పోస్టులో తెప్పించి మోసపోయాను. పైకి నిగనిగలాడుతూ వుంది. వెనకనుంచి టార్చిలైటు వేసి చూస్తే అద్దాల మధ్య సాలెగూడులాగా బూజు! అమ్మినవాడు పలకలేదు, డబ్బు తిరిగి రాలేదు. బూజు ముదిరితే అద్దంమీది పూతను తినేస్తుంది. తుడిచినా మచ్చ పోదు.

రెండవసారి తెలివి తెచ్చుకుని హైదరాబాదు వెళ్లాను. కోఠీలో పాత కెమేరాలు బాగుచేసే ఒక పెద్దాయన వున్నారు. ఇరుకు మెట్లెక్కాలి. ఆయన లెన్సు ఇచ్చి డబ్బు అడగలేదు, "ముందు నువ్వు చూడు బేటీ" అన్నారు. ఎలా చూడాలో కూడా ఆయనే నేర్పారు. వెనకనుంచి దీపం వేసి అద్దాలు. ఎపర్చర్ మీట లాగి వదిలితే రేకులు చటుక్కున మూసుకోవాలి. నూనె అంటుకుని బద్ధకంగా కదిలితే వద్దు. తరువాత 105 దగ్గర పెట్టి ఎదుటి దుకాణం బోర్డు అక్షరాలమీద ఫోకస్ కుదిర్చి, అలాగే 35కు లాగి చూడమన్నారు, అక్షరాలు చెదరకూడదు. చెదరలేదు. ఆఖరున లెన్సును నేలకేసి పట్టుకోమన్నారు. జూమ్ గొట్టం తనంతట తాను సర్రున జారింది.

"అది వయసు. ఈ రకం అన్నీ జారుతాయి. రబ్బరు బాండు వేసుకో, చాలు. మీది సముద్రపు వైపు కదా? తోలుసంచీలో పెట్టకు. గాలిపోని డబ్బా, అందులో సిలికాజెల్" అన్నారు.

ఆరువేల అయిదువందలు పుచ్చుకున్నారు. రబ్బరు బాండు వూరికే ఇచ్చారు.

పండుగకు ముందు ఒక రోలు పరీక్షకు ఖర్చు పెట్టాను. ఈనాటి ఫిలిము ధరకు అది మావారికి ప్రాణసంకటమే. కాని కొత్త లెన్సుతో నేరుగా శుభకార్యానికి దిగకూడదు. 1900లో కట్టి, 1997లో రైళ్లు ఆపేసిన మా హేవలాక్ వంతెనను తీస్తే లోపాలన్నీ బయటపడ్డాయి. 35 దగ్గర అంచుల్లోని గీతలు కొంచెం బొద్దుగా వంగుతాయి. ఎదురెండలో అద్దాలు తెల్లబోతాయి; పదహారు అద్దాలాయె మరి, వెలుతురు వాటి మధ్య కొట్టుకుంటూ వుంటుంది. నాలుగున్నర అడుగులకన్నా దగ్గరకు మామూలుగా ఫోకస్ కుదరదు. దానికి మాక్రో అని వేరే ఏర్పాటుంది. ఇవన్నీ లోపాలే. తెలిసిన లోపాలతో కాపురం చెయ్యవచ్చు.

2024 జనవరి 14, భోగి. తెల్లవారుజామున మంటల దగ్గర కొత్త లెన్సు చేతులెత్తేసింది. అది ముందే తెలుసు గనుక నాన్నగారి 50నే తగిలించాను. దేవుడి గదిలోనూ అదే. అన్ని పనులకూ ఒకటే అని పంతం పడితే ఆ చీకటి ఫోటోలు నాకు దక్కేవి కావు. తెల్లారాక 35–105 పెట్టాను. మూడు రోజులూ మళ్లీ పగలు తియ్యలేదు. నాలుగు వందల రకం ఫిలిము వేశాను, నీడపట్టులకు అదే నయం.

హాలులో అందరం పట్టాం, పిన్నిగారితో సహా. బాబయ్యగారు లేరిప్పుడు. వాకిట్లో మా మరదలు వేసిన ముగ్గును అరుగుమీదనుంచి వంగి తీస్తూంటే లెన్సు జారిపోయి ముగ్గు సగమే పడింది. రబ్బరు బాండు రాజమండ్రిలో మరిచిపోయాను. అమ్మ జడకు చుట్టుకునే నల్లబాండు ఒకటి ఇచ్చింది. వంటింట్లో మాత్రం ఓడిపోయాను. ఆరడుగులకన్నా వెనక్కు పోలేను. పొయ్యి గట్టు పడితే కిటికీ పడదు, కిటికీ పడితే గట్టు పడదు. అక్కడ 28 వుండి వుంటే బాగుండేది. ఆ వంటిల్లు రెండు ముక్కలుగానే వుండిపోయింది మా ఆల్బంలో.

కనుమనాడు జగ్గన్నతోట వెళ్లాం. ప్రభలు పైకెత్తి కౌశిక కాలవలో దిగి నీళ్లలోంచి మోసుకొస్తూంటే, మా తమ్ముడు "200 వుంటే..." అని సణిగాడు. నేను కెమేరా నిలువుగా తిప్పి 35 దగ్గర పెట్టి, ప్రభనూ, మోసేవాళ్లనూ, గట్టుమీద భుజాలమీద కూర్చున్న పిల్లల్నీ కలిపి తీశాను. శిఖరం దగ్గరగా లేదు. ఎవరూ అడగలేదు కూడా.

అసలు ఫోటో సంక్రాంతి మధ్యాహ్నం దొరికింది. అమ్మ వంటింటి గుమ్మంలో పీటమీద కూర్చుని అరిసెలు చెక్కల మధ్య వొత్తుతూంది. పక్కనుంచి పెరటి వెలుతురు చేతులమీద పడుతూంది. నేను వాకిట్లో తులసికోట వెనక వున్నాను. ఇరవై అడుగులు. 105, ఎఫ్/4.5, సెకనులో 125వ వంతు. వృత్తంలో రెండు సగాలూ అమ్మ గాజుల దగ్గర అతికాయి. టక్కుమన్న శబ్దానికి కూడా ఆవిడ తలెత్తలేదు. చేతులు దాచుకోలేదు.

ఫిలిములు హైదరాబాదు పంపి కడిగించి, ఫోటోలు వేయించి, ఫిబ్రవరిలో అమ్మను మా ఇంటికి తెచ్చుకున్నాక చూపించాను. ఆవిడ ఆ ఫోటో చాలాసేపు పట్టుకుంది. "ఇవి నా చేతులేనా? మా అమ్మ చేతుల్లా వున్నాయి" అంది. తరువాత ఆల్బమంతా తిరగేసి, "ఆయనెలాగూ ఏ ఫోటోలోనూ లేరు. అందరినీ తీస్తూ తను మిగిలిపోయారు. నువ్వూ ఆ దారే పట్టావుటే?" అంది.

ఒక్కటుంది, చూడమన్నాను. తాళాలు ఇవ్వబోయే ముందు, అమ్మే కెమేరా అడిగి పుచ్చుకుని నన్ను అరుగు స్తంభం దగ్గర నిలబడమంది. ఎర్రదీపాల సంగతి తనకు తెలియదంది. వెలుతురు నేను సరిచేసి ఇచ్చాను. మిగతాది తనే చేసుకుంది. లెన్సు గొట్టాన్ని ముందుకు తోసింది, వెనక్కు లాగింది, మళ్లీ తోసింది, "ఆ, ఇప్పుడు వచ్చావు" అంది.

మా నాన్నగారి రెండవ పుస్తకంలో ఖాళీ కాగితాలు ఇంకా వున్నాయి. పరీక్ష రోలుకు 65 వేసుకున్నాను కనుక పండుగవి 66 నుంచి 68. ఆ చివరి ఫోటోకు ఇలా రాశాను: రోలు 68, ఫోటో 36. పది అడుగులు. లెన్సు 35–105, ఎక్కడ పెట్టిందో తెలియదు. తీసినది అమ్మ. కొంచెం కదిలింది. పాదాలు పడలేదు.